స్కోరు రెండుసార్లు చెప్పేటాయన

ఇప్పుడు టీవీల క్రికెట్ కామెంటరీ చెప్పేటోళ్లను జూస్తే నాకు ఒళ్లు మండుతది. నలుగురు కూసొని వాళ్ల ముచ్చట్లు వాళ్లు చెప్పుకుంట నవ్వుతరు. స్కోరు మాత్రం నోటితోని చెప్పరు, కింద రాసుంటదట. నాకు అక్షరాలు అరవై ఏండ్లు దాటినంక వచ్చినయి. అప్పటిదాంక ఆ రాత నాకు చీమల బారే.

ఇంట్ల టీవీ కొన్న కొత్తల "ఎంతయిందయ్యా" అని మా ఆయన్ను అడిగితే "కండ్లు లేవా, రాసుంది గదా" అనేటోడు. నాకు చదువు రాదని ఎరికుండి గూడ అట్లనే అనేటోడు. అందుకే లాడ్ బజార్ల మా లక్కగాజుల దుకాన్ల రేడియో పెట్టుకొని ఆట ఇనేదాన్ని.

అండ్ల తెలుగుల చెప్పేటాయన గొంతు ఏం గొప్పది గాదు, ఎప్పుడూ జలుబు చేసినట్టే ఉండేది. గానీ ఓవరు అయిపోంగనే స్కోరు చెప్పి, నిమ్మళంగ మళ్లొకసారి చెప్పేటోడు. "ఆయనకు మతిమరుపు అక్కా" అని పక్క దుకాన్ భాయ్ నవ్వేటోడు.

ఒకనాడు ఆ రేడియో ఆయననే భార్యను తీస్కొని మా దుకాన్‌కు వచ్చిండు. పచ్చ గాజులున్నయా అని అడగంగనే గొంతు గుర్తుపట్టిన. నా నోరు ఊకుంటదా?

"సార్, ఒక్క స్కోరు రెండుసార్లు చెప్తరేంది? యాది ఉండదా?" అన్న.

ఆయన భార్య నవ్వింది. ఆయన నవ్వలే.

"పని చేస్కుంట ఇనేటోళ్లు ఉంటరు గదమ్మా. ఒకసారి తప్పిపోతే వాళ్లు ఎవర్ని అడుగుతరు?" అన్నడు.

నేను ఆమె చెయ్యి వట్టుకొని, తల దించుకొని గాజులు ఎక్కించుకుంట కూసున్న.