కుడి తుంటి మీద అతుకు

నా కుట్టుకు వంక పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారాంబాగ్ పోయే దారిలో, మెట్రో పిల్లర్ల పక్క సందులో మాది బండ్ల సీటు కవర్ల దుకాణం. నా భర్త కొలతలు తీసి కత్తిరిస్తాడు, బిగిస్తాడు. మిషన్ మీద కూర్చునేది నేను. నేను కుట్టిన సీటు చిరిగి వెనక్కి వచ్చిందంటే ఆ పూట నాకు అన్నం సయించదు.

అలాంటి నా ముందు ఒక సోమవారం మధ్యాహ్నం ఒకామె పెద్ద సంచి దించి, అందులోంచి తోలు డ్రెస్సు తీసి బల్ల మీద పరిచింది. మెడ నుంచి మడమల దాకా ఒకటే డ్రెస్సు. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. ఇల్లు ఎల్బీనగర్‌లో, మా వెనక వీధి కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతుంది, వాళ్లది గుంటూరు వైపు. ఇవేవీ ఆమె తనంతట చెప్పలేదు. వివరం కనుక్కోకుండా నేను సూదిలో దారం కూడా ఎక్కించను.

"ఇదేంది, సర్కస్ డ్రెస్సా?" అన్నాను.

"బైకు రేసులదక్కా. పోయిన రౌండులో పడ్డాను," అంది నవ్వుతూ.

కుడి తుంటి దగ్గర అరచెయ్యంత మేర తోలు అరిగి చిల్లు పడింది. దేశం నలుమూలల నుంచీ వచ్చిన ఆడవాళ్ల మధ్య జరిగే పోటీలట. ఏడాదికి కొన్ని రౌండ్లు. ఆఖరి రౌండు ఆ ఆదివారమే, చెన్నై దగ్గర ట్రాకు మీద. శుక్రవారం డ్రెస్సులు తనిఖీ చేస్తారు, చిల్లు కనబడితే ఇంటికి పంపేస్తారు. ఇద్దరు టైలర్లు మావల్ల కాదన్నారట.

"పడినప్పుడు రోడ్డుకీ నాకూ మధ్య ఉండేది ఇదొక్కటేనక్కా. కుట్టు ఊడిందంటే ఇక నా చర్మమే," అంది, పిల్లలకు పాఠం చెప్పినంత మామూలుగా.

నేను ఆ చిల్లులో వేళ్లు పెట్టి చూశాను. "నా కుట్టు ఊడదు," అన్నాను.

అతుక్కి తోలు కూడా తనే తెచ్చింది. తను మొట్టమొదట వేసుకున్న, రంగు వెలిసిన పాత రేసు డ్రెస్సు అది. దాని వీపు లోంచి ముక్క కోసి, ఆ సాయంత్రమే బల్ల మీద చదునుగా పరిచి, దగ్గర దగ్గర కుట్లతో బిగించి కుట్టాను. ఎంత ముచ్చటగా వచ్చిందంటే, మా ఆయన్ని పిలిచి మరీ చూపించుకున్నాను.

మర్నాడు క్లాసులయ్యాక ఆమె వచ్చి, లోపలి గదిలో తొడుక్కుని వచ్చింది. నిలబడితే ఎక్కడా ముడత లేదు. మా ఆయన బయట స్టాండు వేసి ఉన్న బండి చూపించి, "జర దాని మీద కూసో చెల్లే," అన్నాడు. ఆమె ఎక్కి, ఛాతీ ట్యాంకుకు ఆనేలా వంగింది. అంతే, తుంటి దగ్గర తోలు గుంజుకుపోయి నా కుట్లన్నీ నోళ్లు తెరిచాయి.

"రేసంతా నేను ఇలాగే ఉంటానక్కా," అంది మెల్లగా.

ఇరవై ఏళ్లుగా సీట్లకు కుట్టిన చెయ్యి నాది. సీటు వంగదు, లేవదు. మనిషికి కూడా సీటుకు కుట్టినట్టే కుట్టేశాను. ఆ కోపమంతా మా ఆయన మీద తీర్చుకున్నాను, ఆయనకు అలవాటే. తోలు బట్ట లాంటిది కాదు, కుట్టు విప్పినా సూది బెజ్జాలు పోవు. ఆ ముక్క పారేసి కొత్తది కొయ్యాల్సిందే.

"ఈసారి రెండు వరసలు వేద్దామక్కా. పడితే పైవరస అరిగిపోతుంది, పోనివ్వండి. లోపలి వరస పట్టుకోవాలి," అంది. కుట్టు గురించి నాకు ఒకరు చెప్పడమా అనుకున్నాను. కానీ ఆమె చెప్పింది నిజం.

అరగంట సేపు ఆమె ఆ బండి మీద అలాగే వంగి ఉంది. నేను నేల మీద మోకాళ్లూని సుద్దముక్కతో గీతలు పెట్టాను. షేర్ ఆటోలు మా ముందుకొచ్చి నెమ్మదించేవి. "ఏంది సూస్తున్రు? ముందుకు పోన్రి!" అని అరిచాను. ఇంతలో ఆమె దగ్గర చదివే ఆడపిల్లలిద్దరు అటుగా వచ్చి, బిత్తరపోయి, "గుడీవినింగ్ మేడమ్," అన్నారు. ఆమె తల కూడా ఎత్తకుండా, "రేపు టెస్టుంది, చదివారా?" అంది. నేను సుద్దముక్క వదిలేసి నవ్వాను. ఆ మనిషి నాకు నచ్చింది ఆ క్షణంలోనే.

ఆ రాత్రే గీతల ప్రకారం కొత్త ముక్క కోసి రెండు వరసలు కుట్టిచ్చాను, శుక్రవారం తనిఖీలో గట్టెక్కింది. ఆదివారం మా ఆయన ఫోన్లో రేసు పెట్టాడు. అందరికీ హెల్మెట్లే, ఎవరెవరో పోల్చుకోలేం. నేను మాత్రం మొదటి చుట్టులోనే పోల్చుకున్నాను. మెరిసే ఎర్ర తోలు మీద, కుడి తుంటి దగ్గర, నా వెలిసిన ముక్క. ఆ ముక్క ఒక్కొక్కరినీ దాటుకుంటూ మూడో స్థానంలోకి వచ్చింది. అంత వేగంలో, మోకాలు నేలకు రాసుకునేంతగా వంగి, బెదురన్నది లేకుండా పోతున్న ఆ మనిషిని చూస్తుంటే నాకు గర్వం ఆగలేదు.

ఒక మలుపులో బండి కింది నుంచి జారిపోయింది. ఆమె కుడివైపు పడి, ఆ తుంటి మీదే బరబరా జారింది. నేను కళ్లు మూసుకున్నాను.

"లేసింది! సూడు, లేసింది!" అన్నాడు మా ఆయన.

లేవడమే కాదు, పరుగెత్తుకెళ్లి బండి లేపి, స్టార్టు చేసి, మళ్లీ ఎక్కింది. కప్పు ఎటూ పోయింది. అందరూ వెళ్లిపోయాక, ఆఖరి మనిషిగా గీత దాటింది. నేను ఏడ్చాను, దాచుకోవాల్సిన పనేముంది.

మంగళవారం వచ్చి ఆ డ్రెస్సు బల్ల మీద పరిచింది. నా అతుకు గరుకుగా గీరుకుపోయింది. పైవరస దారం జానెడు మేర లేనే లేదు. తిరగేసి చూశాను. లోపలి వరసలో ఒక్క కుట్టు తెగలేదు.

"ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదక్కా," అంది.

నేను కుట్టినది పాడై వెనక్కి వస్తే సంతోషించడం నా జన్మలో అదే మొదటిసారి. ఆ అరిగిన చోటు మీద చెయ్యి పెట్టి కాసేపు తియ్యలేకపోయాను.

"మళ్లీ ఏడాదికి బాగుచేస్తారా?" అని అడిగింది.

సుద్దముక్క వెతుక్కుంటూ అన్నాను: "తొడుక్కొని పోయి బండి మీద వంగు. నిలబడి ఉంటే కొలత నేను తియ్య."