సముద్రపు రాయిలో వచ్చిన ప్రాణి

దెయ్యాలంటే నాకు నవ్వు. పద్నాలుగేళ్ళుగా గురుగ్రామ్‌లో ఒక ల్యాబ్‌లో రక్తం, కఫం శాంపిల్స్ చూసే పని నాది. స్లైడ్ మీద కనపడకపోతే లేనట్టే అనే రకాన్ని. ఇప్పుడైనా దెయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా ఆయనకి ఉప్పునీటి అక్వేరియం పిచ్చి. గురుగ్రామ్ పక్కనే ద్వారకలో మా ఫ్లాట్ హాల్లో సగం గోడ ఆ ట్యాంకుదే. కాకినాడలో పుట్టి ఇక్కడ బకెట్లో సముద్రం కలుపుకుంటున్నారేంటని ఏడిపించేదాన్ని. అందులో పెట్టే రాళ్ళు నిజంగా సముద్రంలోవే. వాటి కన్నాల్లో పురుగులు, పీతలు చెప్పాపెట్టకుండా వచ్చేస్తాయి. మంచివో, చేపల్ని తినేవో తెలియక ఆయన ఫోటో తీసి, అక్వేరియం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి అడిగేవారు.

పోయిన చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయారు.

తర్వాత ట్యాంకులో ఒక్కొక్కటే చచ్చిపోయాయి. చివరికి ఒక్క క్లౌన్ చేప మిగిలింది. అదొక్కటైనా బతకాలని మొండిపట్టు పట్టాను. ఆయన చేత్తో పెంచినది ఇంట్లో ఇంకేం లేదు.

వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున రాయి కన్నంలోంచి వేలెడు పొడవున ఏదో బయటికొచ్చింది. గాజులా ఉంది, తెల్లటి మీసాలు రెండు. చేప దానికి ఆనుకుని ఉంది. నాకు భయమేసింది. ఆయన ఫోన్‌లోంచే గ్రూపులో ఫోటో పెట్టాను. అదేమిటో ఎవరూ చెప్పలేకపోయారు గానీ, తీసేయమని మాత్రం అందరూ అన్నారు. రాయిని మంచినీళ్ళలో ముంచితే ఉప్పునీటి పురుగులు ఉండలేక బయటికొస్తాయి. వీళ్ళంతా చేసే పనే అది. నేనూ ముంచాను. బకెట్ అడుగున కాసేపు కొట్టుకుని చచ్చిపోయింది. ల్యాబ్‌కి తీసుకెళ్ళి మైక్రోస్కోప్ కింద పెట్టినా అదేమిటో తేలలేదు.

మర్నాడు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి చేప పక్కకి ఒరిగి తేలుతోంది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

ఆ వారంలోనే గ్రూపు అడ్మిన్ ఫోన్ చేశాడు. ఊరెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడట. "దీదీ, ఈ ఫోటో సార్ పోయినేడాదే పెట్టారు కదా! కింద మీ భాషలో ఏదో రాశారు. మాకెవరికీ అర్థం కాలేదు" అన్నాడు.

గ్రూపులో పాత మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ వెళ్ళి చూశాను. ఆయన ఆసుపత్రిలో చేరకముందు తేదీ. అదే ప్రాణి, అదే కన్నం. ట్యాంకు మూల నల్లటి సిలికాన్ అతుకు కూడా ఉంది. ఆ మూల కారడం మొదలైంది ఆయన పోయాక. అతుకు దగ్గరుండి వేయించింది నేను.

కింద తెలుగులో రెండు ముక్కలు. "దాన్ని తీయకు. చేపకి అదే తోడు."

ఆ గ్రూపులో తెలుగు వచ్చినవాళ్ళు ఆయన తప్ప ఎవరూ లేరు.

తేదీ తప్పు పడిందేమోనని అడ్మిన్‌ని అతని ఫోన్‌లో చూడమన్నాను. అక్కడా అదే తేదీ. ఇదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. ఎవరైనా చెప్తారన్న ఆశ కూడా లేదు.

ఆఖరి పదకొండు రోజులూ ఆయన వెంటిలేటర్ మీదే ఉన్నారు. చేతిలో పెన్ను పెట్టినా రాయలేకపోయారు. నాకేం చెప్పాలనుకున్నారో అని నెలల తరబడి కుమిలిపోయాను. చెప్పిన మాట దొరికింది. అప్పటికే నేను దాన్ని చంపేశాను.