పండుకున్నోనికి కనపడే కిటికీ

మొన్న మంగళవారం ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నేను పనిచేసి రిటైరైన శాఖలోనే కొత్తగా చేరిన ఇంజినీరు. ఎర్రగుంట్ల రోడ్డు మీద నా హయాంలో కట్టిన మానసిక ఆసుపత్రికి ఇప్పుడు మరమ్మతులట. పాత ప్లాన్లు ఆఫీసులో చెదలు తినేశాయి, నా దగ్గరేమైనా కాపీలు మిగిలాయేమోనని ఆమె ఆశ. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టకముందే అడిగేసింది. "సార్, మగోళ్ళ వార్డులో కిటికీలు ఏడడుగుల ఎత్తున ఎందుకు పెట్టినారు? నిలబడినా బయట ఏమీ కనపడదు కదా!" నేను ఠక్కున "భద్రత కోసమమ్మా" అన్నాను. ముప్పై ఏళ్ళు సర్కారు కొలువు చేసినవాడికి ఇలాంటి జవాబులు నాలుక చివరే ఉంటాయి. ఆమె నమ్మి, నోటుబుక్కులో రాసుకుంది. అలా బుద్ధిగా రాసుకుంటుంటే చూడలేక తల తిప్పుకున్నాను.

మా అమ్మ తమ్ముడు, అంటే నా మేనమామ, పత్తికొండ దగ్గర రోడ్డు వార చేను ఉన్న రైతు. జన్మలో చేతికి గడియారం పెట్టుకున్న పాపాన పోలేదు. పొద్దున ఆదోని బస్సు పోతే సద్ది మూట విప్పేవాడు, సాయంత్రం కర్నూలు బస్సు తిరిగొస్తే కాడి దించేవాడు. బస్సు చెడిపోయిన రోజు ఎద్దులకు చీకటి పడేదాకా చాకిరీ తప్పేది కాదు. ఆ పాపం డ్రైవరుదే గానీ తనది కాదని నవ్వేవాడు. అంత నవ్వే మనిషికి నలభై దాటాక చెవుల్లో ఎవరెవరో మాట్లాడటం మొదలైంది. దర్గాలో తాయెత్తు కట్టించాం, ఒంటిమిట్టకు మొక్కుకున్నాం, పక్కింటి పాస్టరుగారు నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థించాడు. ఏ దేవుణ్ణీ చిన్నబుచ్చలేదు. చివరికి రెండు రైళ్ళు మారి, ఎక్కడో సముద్రం పక్క ఊళ్ళో ఉన్న పెద్దాసుపత్రిలో చేర్చాం. అప్పట్లో మా వైపు ఆ జబ్బుకు చెప్పుకోదగ్గ ఆసుపత్రి లేదు. ఏడు నెలల తర్వాత చిక్కి శల్యమై తిరిగొచ్చాడు గానీ, మనిషి నిమ్మళించాడు.

అందుకే మన దగ్గరే ఆసుపత్రి మంజూరైంది, ప్లాను నువ్వే గియ్యాలి అన్నప్పుడు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. కాగితాలు ఇంటికి తెచ్చి నులకమంచం మీద పరిచి మామనే అడిగాను, ఏమేం ఉండాలో చెప్పమని. ఆయన కాగితం మీదికి వంగి, వార్డు గోడ గీత మీద వేలు పెట్టాడు.

"కిటికీ మంచమెత్తుకు ఉండాల అల్లుడా. పండుకున్నోనికి రోడ్డు కనపడాల. ఆడ నాకు ఏడు నెల్లు పొద్దే తెలీలేదప్పా. అన్నమొస్తే మద్దేన్నం, లైటేస్తే రాత్రి. అదే బస్సు కనపడిందనుకో, ఇంత టైమయింటాదిలే అని మనమే అనుకుంటాం. అట్ల అనుకుంటాంటే చెవుల్లో మాట్లాడేటోళ్ళు రోంత తగ్గుతారు."

అలాగే గీశాను. పడుకున్న మనిషి కంటికి అందేలా వెడల్పాటి కిటికీలు, పగలని అద్దం, గట్టి గ్రిల్లు. ఖర్చు పెరిగిన మాట నిజమే. మా పై అధికారి ఎస్టిమేటు చూసి కళ్ళజోడు తీసేశాడు. ఆయనేం దుర్మార్గుడు కాదు. ఇంట్లో ఫ్యాను ఊరికే తిరుగుతుంటే లేచి ఆపేసే రకం. కానీ ప్రారంభోత్సవానికి మంత్రి వస్తాడు, రోడ్డు మీద పెద్ద ఆర్చి కావాలి, దానికి డబ్బు ఎక్కడో తగ్గించాలి. "ఆర్చి దారిన పోయే అందరికీ కనపడతాది. నీ కిటికీ ఎవరికి కనపడతాదయ్యా?" అన్నాడు. దీనికి జవాబు నాకు తెలుసు. కానీ నా ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నవాడిలా ఊరుకున్నాను. ఒక్క మధ్యాహ్నంలో కిటికీలన్నీ చెరిపి, గోడకు ఏడడుగుల ఎత్తున వెంటిలేటర్లు గీసి సంతకం పెట్టాను. మామకు చెప్పలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఆసుపత్రి కట్టి నడిపి చూడమని ఎవరూ అనలేదు. కట్టడమైతే ఒక్కసారి ఖర్చు, పైగా శిలాఫలకం మీద పేరు. నడపడానికి రోజూ ఖర్చే, ఏ బండ మీదా పేరు రాదు. మంత్రి వచ్చి రిబ్బను కత్తిరించి పోయాక డాక్టరు పోస్టులు సగం ఖాళీగానే ఉండిపోయాయి. రోగుల్ని కాసేపు బయట తిప్పడానికి మనుషులు లేక వార్డు తలుపుకు తాళం వేసి ఉంచేవాళ్ళు.

నాలుగేళ్ళకు మామకు జబ్బు తిరగబెట్టింది. ఈసారి రైళ్ళు మారే పనిలేదని ఇంటిల్లిపాదీ సంతోషించారు, నేను తప్ప. ఆయన వార్డులో అడుగుపెట్టి, నాలుగు గోడలూ చూసి, తన మంచం ఏదో అడిగి వెళ్ళి కూర్చున్నాడు. పైగా పక్క మంచాల వాళ్ళకూ, ఊడ్చే ఆమెకూ గొప్పగా చెప్పుకునేవాడు. "మా అల్లుడు కట్టినాడప్పా ఇది!" బయట పొద్దస్తమానం సిమెంటు లారీల మోత. ఆ మోతలో బస్సు చప్పుడు ఏదో చెవికి కూడా తెలిసేది కాదు. నేను ఎప్పుడు వెళ్ళినా మొదటి మాట ఒక్కటే, "టైమెంతప్పా?" గోడగడియారం కొనిచ్చాను. వార్డులో అద్దం వస్తువులు పెట్టకూడదని దాన్ని ఆఫీసు గదిలో తగిలించుకున్నారు.

ఒకరోజు ఉండబట్టలేక ఆయన మంచం మీద కూర్చుని అంతా చెప్పేశాను. ఆర్చి సంగతి, ప్రమోషన్ సంగతి, నేను చెరిపేసిన కిటికీల సంగతి. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన నా మోకాలు తట్టి, "పోనీలేప్పా. సర్కారు దుడ్లు కదా, సూసి ఖర్సు పెట్టాల. నీదేం తప్పుండాది?" అన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన నన్ను టైము అడగలేదు. నేను బాధపడతానని మానుకున్నాడు. నేనే గడియారం చూసి చెబితే, అవునా అని తల ఊపేవాడు. ఆ వార్డులోనే పోయాడు. ఎన్ని గంటలకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ అమ్మాయి స్కూటరు తీస్తుంటే గేటు దాకా వెళ్ళి ఆపాను. "అమ్మా, భద్రత అని రాసుకున్నావే, అది అబద్ధం, కొట్టెయ్" అని ఉన్నదంతా చెప్పాను. ఆమె హెల్మెట్ చేతిలోనే పట్టుకుని విన్నది. కిటికీలు దించడానికి ఇప్పుడు కూడా వీలవుతుంది సార్, ఎస్టిమేట్లో పెడతానంది. పెట్టమ్మా, పుణ్యముంటుంది అన్నాను. సర్కారు తలుచుకుంటే గోడ పగలగొట్టి కిటికీ పెట్టగలదు. ఆ గోడ వెనక మా మామకు తెలియకుండానే గడిచిపోయిన పొద్దుల్ని మళ్ళీ మంజూరు చేయడం మాత్రం ఏ సర్కారు వల్లా కాదు.