చెరిగిపోబోయిన పాట

కొత్త సినిమా పాటలు రికార్డు చేయించుకోవాలని ఈ రోజు పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వెళ్ళాను. ఖాళీ క్యాసెట్ కొనడం దండగనిపించి, బీరువాలో దొరికిన పాతదాన్ని జేబులో వేసుకున్నాను.

రికార్డింగ్ షాపు మస్తాన్ భాయ్ దాన్ని తిప్పి చూశాడు. "దీని ఎనక ప్లాస్టిక్ ముక్కలు ఇరిసేసినారు సార్. దీనిమీద మళ్లా రికార్డు చేయకూడదని ఎవురో కావాలనే ఇరిసినారు. ఆ సందులకు టేపు అంటిస్తే ఎక్కుతాది. అంటించేదా?"

అంటించమన్నాను. ఆయనే అనుమానపడి, "ఒకసారి ఇందాం సార్, సెరిగిపోతే మళ్లా రాదు," అని మీట నొక్కాడు.

షాపులో నలుగురున్నారు. పెద్ద స్పీకర్లలోంచి నా గొంతే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ మీద నేనే పాట కట్టి, శ్రుతి లేకుండా పాడాను. మధ్యమధ్యలో ఆమె నవ్వు వినపడుతోంది.

"ఎవురప్పా ఈ గాయకుడు?" అన్నాడు పక్కాయన. మస్తాన్ భాయ్ నా ముఖం చూసి గబుక్కున ఆపేశాడు. నేను పాతదాన్ని మళ్ళీ జేబులో వేసుకుని కొత్త క్యాసెట్ కొన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి, ఆ ముక్కలు ఎందుకు విరిచావని మా ఆవిడను అడిగాను.

"మీరు మళ్లా యాడ పాడతారు?" అంది, బియ్యం ఏరుతూ తలెత్తకుండానే.

ఆ మాట పడ్డాక పాడక తప్పలేదు. ఐదేళ్ళలో నా శ్రుతి ఏమీ బాగుపడలేదు. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు గానీ, ఆమె మాత్రం చేట పక్కన పెట్టి చివరిదాకా విన్నది. మీ బీరువాల్లోనూ ఇలాంటి క్యాసెట్లు ఉన్నాయేమో, చెరిపేముందు ఒకసారి విని, ఏం దొరికిందో నాకూ చెప్పండి.