ఎండకూ బల్బుకూ మధ్య రఫూ అక్క

చిరిగిన చోటు కనబడకుండా పోగుకు పోగు కలిపి అల్లడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా ఆ బట్టల కొట్టు ముందు గదిలో, కిటికీ పక్కన కూర్చుని అల్లింది. అందరికీ రఫూ అక్క. ఆ గదిలో కొత్త సరుకు పెట్టాలని ఓనరు ఆమె బల్లను నేలమాళిగలోకి దింపించాడు. ఊరికే దింపలేదు, నెత్తిన ఖరీదైన బల్బు పెట్టించాడు. ఎండలో ఉండే రంగులన్నీ అందులోనూ ఉంటాయని డబ్బా మీద రాసి ఉంది.

వెలుతురుకు వంక పెట్టడానికేం లేదు. అయినా ఆమెకు కాలు నిలిచేది కాదు. అరగంటకోసారి పద్నాలుగు మెట్లెక్కి, వీధిలో బట్టను ఇటూ అటూ తిప్పి చూసుకుని, మళ్లీ దిగేది.

“ఎందుకక్కా ఊరికే ఎక్కి దిగుతావు? ఎండా ఇదీ ఒకటేనని రాసుంది కదా,” అన్నాడు ఓనరు.

“రాసినోడు రఫూ చేస్తాడా?” అంది.

ఒకరోజు వయొలిన్ మాస్టారి ముదురు నీలం కోటు వచ్చింది. మోచేతి దగ్గర చిరుగు. పొద్దుటినుంచీ కూర్చుని అల్లింది. బల్బు కింద ఆ చోటు ఆమెకే దొరకలేదు. మనసు కుదుటపడాల్సింది పోయి గాభరా పుట్టింది. పైకి పరుగెత్తింది. ఎండ తగలగానే అతుకు వంకాయ రంగులో తేలింది.

అప్పటికే మాస్టారు వచ్చి కూర్చున్నాడు.

“కచేరీ హాల్లో లైట్ల కింద ఎవరు చూస్తారమ్మా, ఇచ్చెయ్యి.”

“హాలు దాకా ఎండలోనే కదండీ నడిచి వెళ్లేది? కాసేపు ఆగండి.”

గుమ్మంలోనే కూలబడి అల్లినదంతా విప్పేసింది. పదకొండు నీలం దారాలు కిందా పైనా పెట్టి చూసింది. చివరికి ఒకటి దొరికింది. బల్బు కింద రవ్వంత ముదురు, ఎండలో రవ్వంత లేత. ఎక్కడా నూటికి నూరు కాదు గానీ, రెండుచోట్లా పరువు దక్కుతుంది. రెండు గంటల తర్వాత మాస్టారు కోటు తొడుక్కుని వెళ్తుంటే, మలుపు తిరిగేదాకా ఆయన మోచేతినే చూస్తూ నిలబడింది. అతుకు కనబడలేదు.

ఇదంతా చూసిన ఓనరు మర్నాడు తనే బల్లను పెరటి తలుపు దగ్గరికి మోయించాడు. తీరా కూర్చున్నాక ఎండా ఒక్క తీరున లేదని తేలింది. మబ్బు పడితే ఒక రంగు, పొద్దు వాలితే తెల్లదారం కూడా పసుపే. బల్బు మాత్రం పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే వెలిగేది. దాన్నీ పైకి తెప్పించుకుంది. దారం ఎండలో ఎంచేది, పొద్దు వాలాక బల్బు కింద అల్లేది. కుర్చీ మాత్రం ఎండ వెంట రోజుకు నాలుగుసార్లు జరిపేది.