ముప్పై రెండు బావగారు

ఆఫీసులో ఆయన్ను అందరూ బావగారనే పిలుస్తారు. భార్య చెల్లెలు అక్కడే ప్రోగ్రామర్‌గా చేరి, నలుగురిలో “బావా” అన్న రోజు నుంచి అసలు పేరు అటకెక్కింది. మీటింగులకు వచ్చేవాళ్ల బ్యాడ్జీలు ముద్రించే మిషన్‌కి ప్రోగ్రాం రాయడం ఆయన పని. కిటికీ పక్క కుర్చీ పదిహేడేళ్లుగా ఆయనదే.

ఆయనకో పిచ్చి గర్వం. కంప్యూటర్ లోపల ప్రతి ఇంగ్లీషు అక్షరమూ ఒక అంకే. చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ తేడా ముప్పై రెండు, అంటే ఒకే ఒక్క బిట్, సున్నాకో ఒకటికో తిరిగే మీట లాంటిది. దాన్ని అటుది ఇటు తిప్పితే చిన్నది పెద్దదైపోతుంది. ఈ కిటుకు ఆయన చెప్పగా వినని మనిషి ఆఫీసులో లేడు. ఈమధ్యే దాన్ని బ్యాడ్జీల ప్రోగ్రాంలోనూ పెట్టాడు.

“తిప్పేముందు అది చిన్న అక్షరమేనా అని చూడాలి బావా. ఒక్క షరతు రాస్తే పోయేదేముంది?” అంది మరదలు.

“అన్నీ అడుగుతూ కూర్చునే ప్రోగ్రాం నేను రాయను,” అన్నాడాయన.

ఈసారి గండం పెద్దదే. బయటి సాఫ్ట్‌వేర్ కొనాలని జనరల్ మేనేజర్‌కి మోజు. రాబోయే మీటింగులో డైరెక్టర్ ఎదుట బ్యాడ్జీలు తప్పొస్తే బావగారికి కుర్చీ పోయి స్టోర్ రూమ్ దక్కుతుంది. ఆ గది తాళంచెవి జనరల్ మేనేజర్ ముందే జేబులో వేసుకొచ్చాడు. బావగారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఒకే మాట ఉన్న పేర్ల మీద కిటుకును ఇరవైసార్లు సరిచూసుకున్నాడు మరి.

బ్యాడ్జీ మీద పెద్ద అక్షరాల్లో పడాల్సిన హోదాలను చిన్న అక్షరాల్లో పంపమంటే అందరూ అలాగే పంపారు. జనరల్ మేనేజర్ ఒక్కడే తనది పెద్ద అక్షరాల్లో కొట్టుకున్నాడు.

మిషన్ టకటకా బ్యాడ్జీలు కక్కింది. డిప్యూటీ మేనేజర్ ఉత్త డిప్యూటీ అయ్యాడు. సీనియర్ అకౌంటెంట్ ఉత్త సీనియర్. మాటల మధ్య ఖాళీ ఎక్కడుందో అక్కడ అందరి తోకలూ తెగాయి. జనరల్ మేనేజర్ పెద్ద అక్షరాలైతే తోక పోవడమే కాదు, చిన్న అక్షరాలైపోయి చీమల్లా మిగిలాయి. డైరెక్టర్, డ్రైవర్ మాత్రం చెక్కుచెదరలేదు.

జనరల్ మేనేజర్ తాళంచెవి బయటికి తీశాడు.

“ఎవరి తప్పిది?” అన్నాడు డైరెక్టర్, నవ్వు ఆపుకుంటూ.

“నాదే సార్. మా మరదలు ముందే చెప్పింది, నేనే వినలేదు.”

“బాగుచేయడానికి ఎంతసేపు?”

“రెండు నిమిషాలు.”

మరదలి షరతు పెట్టాడు. తోకలన్నీ తిరిగొచ్చాయి.

“ఈయన కుర్చీ ఈయనకే ఉండనివ్వండి,” అన్నాడు డైరెక్టర్. “ఇకమీదట ఈయన రాసింది ఆ అమ్మాయి చూశాకే మిషన్‌కెక్కాలి.” తాళంచెవి మళ్లీ జేబులోకి పోయింది.

బతుకు జీవుడా అనుకుంటూ కూలబడ్డాడు బావగారు. మరదలు పక్కకొచ్చి మెల్లగా అంది, “ఖాళీకి కూడా అంకె ఉంది కదా బావా. అదీ ముప్పై రెండే. మీ ముప్పై రెండు తనని తానే తిప్పుకుంటే మిగిలేది సున్నా. సున్నా కనపడితే మాట అయిపోయిందనుకుని మిషన్ ఆగిపోతుంది.”

ఆ లెక్క ఆయనకు కంఠతా వచ్చు. అయినా ఆమె నోట వింటుంటే సిగ్గేసింది.

“ఆ కుర్చీ ఇటు లాక్కో,” అన్నాడు. “రేపటి ప్రోగ్రాం చూద్దువుగాని.”