వేరుదాకా దిగిన మందు

పరిశోధనలో చేరిన ఆ కొత్తల్లో ‘తెలియదు’ అనే మాట నా నోట వచ్చేది కాదు. ఆ జబ్బు బాగా ముదిరి ఉన్న ఒక పొద్దున, మా బాబాయి మిరపచేలో నిలబడి, నారు పెంచి అమ్మిన మనిషి మీద ఆయన చేయని తప్పు మోపాను. మోపి ఊరుకోలేదు, గొంతు సవరించుకుని ఊరి వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. తప్పు నాది. ఎంత నాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నా పరిశోధన మొక్కల వేళ్ళ మీద. చిగురులో ఆక్సిన్ అనే హార్మోను పుడుతుంది. అది ఒక కణం నుంచి ఇంకో కణానికి చేతులు మారుతూ కిందికి దిగి, పక్కవేరు ఎక్కడ మొలవాలో చెబుతుంది. ఏ దారిన దిగుతుంది, దాన్ని దించేదెవరు అన్నది నా ప్రశ్న. గాజుపళ్ళేల్లో పెంచిన నా మిరప మొలకలు మాత్రం ఆ సంగతి బయటపెట్టేవి కావు. (మా గైడు మేడం వాటిని చూసి, “ఇవి బతికున్నాయా, మొహమాటానికి నిలబడ్డాయా?” అనేవారు.) సెలవులకి పర్చూరు దగ్గర బాబాయి వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, నేలలో పెరిగే మొక్క మీద చూద్దామనిపించింది. అసలు హార్మోను ల్యాబు దాటించలేను గనక, దాన్ని పోలిన కలుపుమందు కొంచెం సంపాదించాను. చుక్కలో చుక్కయితే మొక్కకది హార్మోను, మోతాదు మించితే విషం. బాబాయి పురుగుమందు కొట్టే పంపులో కలిపి, పెరట్లో నాలుగు మిరపమొక్కల మీద కొట్టి, పంపుని ఒక్కసారి నీళ్ళతో తొలిచి తలుపు వెనక పెట్టేశాను. కలుపుమందు పోసిన పంపుతో మిరపకి కొట్టకూడదని మా వైపు అందరికీ తెలుసు. నాకూ తెలుసు. పరీక్షలో రాశాను కూడా.

మర్నాడు బాబాయి అదే పంపు భుజాన వేసుకుని చేలోకి వెళ్ళి తామరపురుగుకి మందు కొట్టాడు. నేనప్పుడు నిద్రపోతున్నాను. పెరటి మొక్కల్ని కూడా మళ్ళీ వెళ్ళి చూడలేదు. కొన్నాళ్ళకి చేలో నుంచి కేక వినపడింది.

“ఒరేయ్ సైంటిస్టూ, ఇట్రా! ఏంట్రా ఇది, చిగుళ్ళన్నీ మెలేసినట్టున్నాయి?”

“వైరస్ బాబాయ్. బొబ్బర తెగులు. నారుతోనే వచ్చింది,” అన్నాను. వంగి చూడను కూడా లేదు.

“నారుతోనా? నారు భాయ్ అట్టాంటోడు కాదే.”

“నమ్మకం వేరు, సైన్సు వేరు బాబాయ్.”

(ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.)

మెసేజ్ అప్పుడే పెట్టాను. రోడ్డు పక్కన వలపందిరి వేసి మిరపనారు పెంచే ఆయన్ని ఊరంతా నారు భాయ్ అనేది. ఆయనకి ఏడాది బతుకంతా ఆ నాట్ల రోజుల్లోనే. నా గొంతు విన్న రైతులు, నారు ఉంచమని చెప్పినవాళ్ళే, ఆయన ఫోను ఎత్తడం మానేశారు. ట్రేల్లో నారు ముదిరిపోతోంది. ముదిరితే పారబోయడమే. ఆయన బండేసుకుని నేరుగా చేలోకి వచ్చాడు.

“అన్నా, వలలోకి ఆ తెగులు తెచ్చే దోమ దూరకుండా కాపలా కాసి పెంచాను. నా పిల్లల్ని కూడా అట్టా చూళ్ళేదు, కావాలంటే మా ఇంట్లో అడుగు.”

“మరి మావాడు చదువుకున్నోడు గదయ్యా. అబద్ధం చెబుతాడా?”

“అబద్ధమని నేనన్లేదన్నా. ఒక్కసారి వంగి చూసి చెప్పమంటున్నా.”

సరే, వైరస్ చూపించి పంపిద్దామని ఒక మొక్క పీకాను. మట్టి దులిపి చూస్తే కాండం మొదలు ఉబ్బి ఉంది. దాని చుట్టూ పొట్టి పొట్టి వేళ్ళు, బ్రష్షు కుచ్చులా, ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ మొలిచి ఉన్నాయి. ఇన్నాళ్ళూ గాజుపళ్ళేల్లో నేను వెతికింది అదే! చేను, బాబాయి, భాయ్ అందరూ మాయమైపోయారు. ఎగిరి గంతేశాను.

“దిగింది! బాబాయ్, వేరుదాకా దిగింది!”

“ఏం దిగిందిరా?”

“హార్మోను! ఆకు మీద కొట్టింది వేరుదాకా దిగింది!”

“హార్మోనా? నేను కొట్టింది పురుగుమందు గదరా. హార్మోను ఎవడు కొట్టాడు?”

అప్పుడు గుర్తొచ్చింది పంపు. ‘వైరస్ వచ్చినా వేళ్ళు ఇలాగే అవుతాయి’ అనే మాట నోటిదాకా వచ్చింది. అంటే ఇద్దరూ నమ్మేవాళ్ళే. కానీ భాయ్ చూపు నా చేతిలో మొక్క మీద లేదు, నా మొహం మీద ఉంది. మొత్తం చెప్పేశాను.

బాబాయి గట్టు మీద కూలబడ్డాడు. “పెరట్లో నాలుగు మొక్కలు చాల్లేదంట్రా నీకు!”

భాయ్ తిట్టలేదు. “బాబూ, ఊరందరికీ వినపడేట్టు అన్నావు. ఇప్పుడు నా ఒక్కడి చెవిలో చెబితే నాకేం లాభం?” అన్నాడు.

ఆ సాయంత్రం ఇంకో వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆక్సిన్ అంటే ఏమిటో మొదలుకొని వివరించాను. దాన్ని చివరిదాకా విన్నవాళ్ళు లేరు. (మా పిన్ని కూడా కణాల దగ్గరే ఆపేసిందట.) మర్నాడు పొద్దున్నే వెళ్ళి నారు భాయ్ గేటు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. వచ్చే పోయే రైతుల్ని ఆపి, హార్మోను చిగురులో పుడుతుందని మొదలుపెట్టేవాణ్ణి.

భాయ్ కాసేపు విని అడ్డొచ్చాడు. “బాబూ, అది తర్వాత చెబుదువులే. ముందు తప్పెవరిదో చెప్పు. వాళ్ళకి పొలంలో పనుంది.”

“నారు మంచిదండీ. పంపు సరిగా కడగనిది నేను,” అన్నాను.

ఒక పెద్దాయన రెండోసారి చెప్పించుకున్నాడు, ఫోను నా నోటి దగ్గర పెట్టి, వాళ్ళ బావమరిది వినాలని. కొందరు నవ్వారు, కొందరు మా బాబాయి మీద జాలిపడ్డారు. ఆఖరి ట్రే కదిలేదాకా రోజూ వెళ్ళి ఆ గేటు దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నాలు చేలో పాడైన మొక్కలు పీకి, భాయ్ ఇచ్చిన నారు నాటాను. నడుము పట్టేసింది. ఆ తర్వాత వేళ్ళ గురించి చాలా సభల్లో మాట్లాడాను, చప్పట్లు కూడా కొట్టారు. కానీ నా మాట విన్నవాళ్ళు లేచి వెళ్ళి, ట్రాక్టర్లో నారు ట్రేలు ఎక్కించుకోవడం మాత్రం మళ్ళీ చూడలేదు.